సముద్రానికి కిటికీ పెట్టిన పేరంటాలు

ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. మధ్యలో ఊఁ కొట్టడం మానేశావంటే నేనూ చెప్పడం మానేస్తాను, ముందే చెబుతున్నాను.

అనగనగా, గోదావరి వెళ్ళి సముద్రంలో కలిసే చోట, ఒక ఊరు ఉండేది. దాని పేరు గువ్వలంక. మూడు పక్కలా గోదారి, నాలుగో పక్క సముద్రం. ఆ లంకలో ముప్పై పాకలు ఉండేవి. మగవాళ్ళు నావలేసుకుని వేటకి వెళ్ళేవాళ్ళు. వేటంటే చేపల వేటమ్మా, పులుల వేట కాదు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటూ, చిరిగిన వలలు బాగుచేసుకుంటూ వాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు.

ఊరికీ సముద్రానికీ మధ్య పెద్ద మడ అడవి ఉండేది. మడ చెట్లు నువ్వు చూడలేదు కదూ? అవి ఉప్పునీళ్ళల్లో, బురదలో పెరుగుతాయి. అందులో ఉప్పుపొన్న అని ఒక చెట్టుంది. దాని వేళ్ళు మానులోంచి బయటికొచ్చి, వంగి, బురదలోకి దిగుతాయి. ఒక్కొక్క చెట్టుకీ పాతికేసి కాళ్ళున్నట్టు ఉంటుంది.

ఇంకో వింత చెప్పనా? మామూలు చెట్లయితే కాయ రాల్చేసి ఊరుకుంటాయి. అది మట్టిలో పడి, మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే లేదు. పొన్న అలా కాదు. కొమ్మ మీద ఉండగానే కాయకి మొలక తెప్పిస్తుంది. మునక్కాడ ముక్కంత పొడుగు చేస్తుంది. ఇక ఇది ఎక్కడ పడ్డా బతుకుతుంది అనుకున్నాకే కిందికి వదులుతుంది. చెట్టుకి ఉన్నంత ఓపిక నాకెక్కడిది, నిన్ను ఒక్క పూట స్నానానికి పంపేసరికి నా ప్రాణం పోతుంది.

ఆ అడవి మధ్యలోంచి ఒక నీటిపాయ మెలికలు తిరుగుతూ ఊళ్ళోకి వచ్చేది. నావలు అందులోంచే రావాలి. ఆఖరి మలుపు తిరిగేదాకా ఏ నావా ఊరికి కనిపించేది కాదు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మగవాడు వేటకెళ్ళిన రోజున, అతని తెరచాప కళ్ళబడేదాకా ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టకూడదు. మనిషి రాకముందే అన్నం వండేస్తే, వచ్చేశాడని మనకి మనమే తీర్మానించేసినట్టట. గంగమ్మ తల్లికి కోపం వస్తుందట. అందుకని కట్టెలు పేర్చుకుని, బియ్యం కడిగి పెట్టుకుని, అందరూ ఆ మలుపు వైపే చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ ఊరికి పేరంటాలు అని ఒక కోడలు వచ్చింది. మొగుడి పేరు సింహాద్రి. చిన్న నావ, తనొక్కడే వెళ్ళి తనొక్కడే వచ్చేవాడు. పేరంటాలుకి అతనంటే ఎంత ఇష్టమంటే, పొద్దున్న నావ నీళ్ళల్లోకి తోసిన దగ్గర్నుంచీ ఆవిడకి బెంగ మొదలయ్యేది. వల చేతిలోనే ఉండేది, చూపు మాత్రం పాయ మీద ఉండేది.

ఒకరోజు సింహాద్రి బాగా అలిసిపోయి వచ్చాడు. అప్పటికప్పుడు ఎసరు పెట్టింది పేరంటాలు. పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. అన్నం ఉడికేలోపే గోడకి జేరబడి నిద్రపోయాడు. లేపినా లేవలేదు. ఆకలితో పడుకున్న మొగుణ్ణి చూసి పేరంటాలు ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుని అడవిలోకి నడిచింది.

"ఏం సేత్తన్నావే?" అన్నాడు సింహాద్రి.

"మన వాకిట్లో నిలబడితే నాకు సముద్రం కనపడాల మావా. నువ్వు అల్లంత దూరాన ఉండగానే ఎసరెట్టేత్తా. నువ్వొచ్చేసరికి అన్నం ఉడికిపోద్ది."

మొదట మూడు కొమ్మలు కొట్టింది. ఆకాశం ముక్క కనిపించింది. ఆ తర్వాత మూడు చెట్లు కొట్టింది. తళతళమని నీళ్ళు కనిపించాయి. అప్పుడు సింహాద్రికీ సరదా పుట్టింది. అతనూ గొడ్డలి పట్టాడు. ఇద్దరూ కలిసి వాకిట్లోంచి సముద్రం దాకా తిన్నగా ఒక సందు చేశారు. పేరంటాలు దాన్ని నా కిటికీ అనేది. అడవికి కిటికీ పెట్టడం ఎక్కడైనా విన్నావా?

ఆ రోజు నుంచీ సింహాద్రి తెరచాప చుక్కంత ఉండగానే పేరంటాలు చూసేది. ఎసరు పెట్టి వచ్చి, గడపలో నిలబడి, ఎర్రచీర కొంగు పైకెత్తి ఊపేది. అతను పాయలోంచి చుట్టూ తిరిగి రావడం కూడా మానేశాడు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ సందులోంచే నావ తెచ్చేసేవాడు.

"నీ ఎర్రచీరే నాకు గుర్తు. ఇంక సుక్కలూ సూడక్కర్లేదు, గాలీ సూడక్కర్లేదు. దాన్నే సూసుకుంటా వచ్చేత్తా," అనేవాడు.

ఇది పక్కపాక మంగ చూసింది. చూసి ఊరుకుంటుందా? "నీ మొగుడేనా మొగుడు? మా ఆయన మనిషి కాదా?" అంది. తన వాకిలికి ఎదురుగా తనూ ఒక కిటికీ కొట్టించుకుంది. ఆ తర్వాత మూడో ఇల్లు. ఆ తర్వాత ఇంకో ఇల్లు. ఒకరి కిటికీ ఇంకొకరికి పనికిరాదమ్మా. పరాయి గుమ్మంలో నిలబడి తన మొగుడి తెరచాప చూసుకోవడం ఏ ఆడదానికి బాగుంటుంది? అలా ఇరవైతొమ్మిది పాకలకి ఇరవైతొమ్మిది కిటికీలయ్యాయి. అన్ని కిటికీలు పెడితే ఇంక గోడెక్కడుంటుంది?

నాకు ఈ కథలో ఎవరి మీదా కోపం రాదు, అదే నా బాధ. అత్యాశకి కొట్టలేదు వాళ్ళు. అమ్ముకోవడానికి కొట్టలేదు. మనిషి కోసం ఎదురుచూడలేక కొట్టారు.

ఒక్క ఇంటి ముందు మాత్రం అడవి అలాగే ఉండిపోయింది. ఊరి చివర నూకాలు అనే ఆవిడ ఉండేది. పదేళ్ళ కిందట ఆవిడ మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు.

"నూకాలక్కా, నీ ఎదర కూడా కొట్టించెయ్యమంటావా?" అని అడిగింది మంగ.

"నాకొద్దు. నా ఎదర సెట్టు మీద సెయ్యేత్తే ఊరుకోను," అంది నూకాలు.

పోనీలే, ఆవిడకి చూసుకోవడానికి ఎవరున్నారని, అనుకున్నారు అందరూ. మంచిగానే అనుకున్నారు. కానీ కొన్ని మంచి మాటలు కూడా అవతలివాళ్ళకి వినపడకుండా అనుకోవాలి.

కొన్నాళ్ళకి అడవి ఉండేచోట బురద ఎండి పగుళ్ళిచ్చింది. అక్కడ దొరికే మండపీతలు కనపడకుండా పోయాయి. ఈ ఏడు పీతలు రాలేదేమిటో అనుకున్నారు.

ఆ తర్వాత చెలమలో నీళ్ళు ఉప్పగా తగిలాయి. ఇసకలో గుంట తవ్వితే ఊరే మంచినీళ్ళే వాళ్ళకి తాగునీళ్ళు. వానలు పడలేదు కదా, అందుకని అనుకున్నారు.

ఆ తర్వాత వలలు ఆరేసుకునే దిబ్బ కొంచెం కొంచెంగా కరిగిపోయింది. అప్పుడు మాత్రం ఏమీ అనుకోలేదు. వలలు ఇంకో చోట ఆరేసుకున్నారు.

ఊఁ కొడుతున్నావా? ఆఁ, కొట్టు.

కార్తీకమాసం వచ్చింది. ఒకరోజు తెల్లవారేసరికి ఆకాశం రాగిచెంబు రంగులో ఉంది. చాలామంది నావలు తియ్యలేదు. మూడు నావలు మాత్రం అంతకుముందే వెళ్ళిపోయాయి. అందులో సింహాద్రి నావ ఒకటి.

మధ్యాహ్నానికి గాలి లేచింది. చూస్తుండగానే పాకల మీది తాటాకు ఎగిరిపోయింది. ఆ తర్వాత ఉప్పెన వచ్చింది. ఉప్పెనంటే సముద్రం లేచి ఊళ్ళోకి నడిచి రావడం. పూర్వమైతే అది అడవిలో పడి, ఒక్కొక్క వేరునీ దాటలేక ఆయాసపడి, ఊరి దగ్గరికి వచ్చేసరికి చీలమండల లోతు ఉండేది. ఇప్పుడు దానికి ఇరవైతొమ్మిది దారులున్నాయి. తిన్నగా ఇళ్ళల్లోకి వచ్చేసింది.

"ఇటు రండి! పిల్లల్ని ఎత్తుకుని ఇటొచ్చెయ్యండి!" అని నూకాలు గొంతు చించుకుని అరిచింది. అందరూ అటు పరిగెత్తారు. నూకాలు పాక ముందు అడవి ఊగిపోతోంది గానీ ఊడిపోలేదు. దాని వెనకాల నీళ్ళు మోకాళ్ళ లోతుకి మించలేదు. ఊరు ఊరంతా ఆ ఒక్క పాకలోనూ, దాని చుట్టూ కొమ్మలు పట్టుకునీ నిలబడింది.

పేరంటాలు వెళ్ళలేదు. తన గడపలోనే నిలబడింది. నడుం లోతు నీళ్ళల్లో, గుంజ పట్టుకుని, కిటికీలోంచి చూస్తోంది.

అప్పుడు మూడు తెరచాపలు కనిపించాయి.

అంతకుముందు రోజుల్లో గాలివాన వస్తే నావలన్నీ పాయలోకి దూరి, మోకుల్తో పొన్న వేళ్ళకి కట్టేసుకుని కూర్చునేవి. ఎంత గాలైనా కదిలేవి కావు. ఇప్పుడు కట్టుకోవడానికి వేళ్ళెక్కడున్నాయి? మొదటి నావ నూకాలు ఇంటి ముందు అడవిని చూసుకుని అందులోకి దూరింది. బతికింది. రెండో నావా దాని వెనకాలే దూరింది. అదీ బతికింది.

మూడో నావ ఎర్రచీర కోసం వెతికింది.

పేరంటాలు ఒంటిచేత్తో గుంజ పట్టుకుని ముందుకి వంగింది. "ఇటు కాదు మావా! నూకాలక్క ఇంటికాడికి పో! అటు! అటు!" అని అరిచింది. గాలి ఆ అరుపుని వెనక్కి తోసేసింది. అప్పుడు కొంగు పైకెత్తి, అటు వెళ్ళు, అటు వెళ్ళు అని ఊపింది. పాపం, సింహాద్రికి ఆ కొంగు ఊపడానికి ఒకటే అర్థం తెలుసు. రోజూ చూసేదేగా? రమ్మంటోంది అనుకున్నాడు. తిన్నగా ఆ సందులోకే వచ్చాడు.

మొదటి అల నావని ఎత్తింది. రెండో అల తెరచాపని లాగేసింది. మూడో అల తగ్గాక అక్కడ నావ లేదు.

నూకాలు నడుముకి తాడు కట్టుకుని వచ్చి, పేరంటాలుని గుంజ దగ్గర్నుంచి విడిపించి, జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయింది. లేకపోతే ఆవిడా దక్కేది కాదు.

ఏడవకే. నాకూ ఏడుపొస్తుంది నువ్వేడిస్తే. కళ్ళు తుడుచుకో. ఇంకా ఉంది కథ.

గాలి తగ్గింది. నీళ్ళు తీశాయి. ఇరవైతొమ్మిది పాకల్లో ఒక్కటీ మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ మిగిలారు, సింహాద్రి తప్ప. వారం రోజులు వెతికారు. మనిషీ దొరకలేదు, నావ చెక్క ముక్కా దొరకలేదు.

"ఇంక ఈ లంకలో ఏముంది? అవతలి ఒడ్డుకి పోదాం," అన్నారు ఊళ్ళోవాళ్ళు.

పేరంటాలు ఒప్పుకోలేదు. "మీరెళ్ళండి. మావ వత్తే ఈడికే కదా వత్తాడు. ఊరు లేపోతే ఎవర్ని అడుగుతాడు? నేను రాను. ఈ లంకని ఎట్టా నిలబెట్టాలో అట్టా నిలబెడతా."

మర్నాటి నుంచీ ఆవిడ నూకాలు ఇంటి ముందు చెట్లకింద తిరిగి, రాలిన పొన్న మొలకలు ఒళ్ళో వేసుకొచ్చి నాటడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి ఒక్కదాన్నీ వదిలి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. ఒక్కొక్కరే మళ్ళీ పాకలు వేసుకున్నారు.

మొదటి ఏడు పేరంటాలు కోపంతో నాటింది. సముద్రం అంచుకి వెళ్ళి, దాని మొహం మీదే నాటింది. ఒక్క పోటుకి అన్నీ కొట్టుకుపోయాయి. రెండో ఏడు కాస్త వెనక్కి వచ్చి నాటింది. గేదెలొచ్చి మేసేశాయి. మూడో ఏడు బురదలో కూలబడి ఏడుస్తుంటే నూకాలు వచ్చింది.

"పిల్ల మొక్కని తీసుకెళ్ళి ఒంటరిగా అల ముందర నిలబెడితే ఏం బతుకుద్దే? తల్లి సెట్టు పక్కనెట్టు. అది కాత్త ఎదిగాక దాని పక్కన ఇంకోటెట్టు. అడివి అట్టాగే నడుత్తాది, అడుగు మీద అడుగు," అంది.

అప్పుడు ఇద్దరూ కలిసి నూకాలు ఇంటి ముందు అడవి అంచు నుంచి మొదలుపెట్టారు. పాటు వచ్చి నీళ్ళు తీసినప్పుడల్లా బురదలోకి దిగేవాళ్ళు. మొలకని బొటనవేలితో నొక్కి, నిలబెట్టి, పక్కదానికి జరిగేవాళ్ళు. గేదెలు రాకుండా మగవాళ్ళు ముళ్ళకంప వేశారు. ఆడవాళ్ళందరూ వచ్చారు. అడవి నడిచి తమ దాకా వచ్చేసరికి ఎవరి వాకిలి ఎదర వాళ్ళే నాటుకున్నారు. ఒకప్పుడు గొడ్డలితో తెరుచుకున్న కిటికీలని చేత్తో మూసుకున్నారు. మూసేటప్పుడు అందరూ ఏడ్చారు. మొగుడు బతికుండి రోజూ ఇంటికొచ్చేవాళ్ళు కూడా ఏడ్చారు.

మొక్కలు మోకాళ్ళ దాకా వచ్చాయి. తర్వాత నడుం దాకా వచ్చాయి. తర్వాత మనిషెత్తు అయ్యాయి. వంగి బురదని పట్టుకునే కాళ్ళు వచ్చాయి. పీతలు తిరిగొచ్చాయి. చెలమలో నీళ్ళు మళ్ళీ తీపెక్కాయి.

కానీ పేరంటాలు తన వాకిలి ఎదర మాత్రం నాటలేదు. రెండు బారల సందు అలాగే వదిలేసింది. ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆవిడ రోజూ పని చేసుకొచ్చి ఆ సందులోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చునేది. ఎంత చూసినా నీళ్ళే.

ఒక ఏడు మళ్ళీ గాలి వచ్చింది. పెద్దది కాదు. అడవి దాన్ని ఆపింది. అయినా ఆ రెండు బారల సందులోంచి నీళ్ళు దూరాయి. దూరి, పక్కనున్న మంగ పాకలోకి వెళ్ళాయి. మంగకి అప్పుడు నెలల పిల్ల. ఉయ్యాల తడిసి, పిల్ల తడిసి, నోట్లోకి నీళ్ళు పోయాయి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తడితే గానీ పిల్ల ఏడవలేదు.

నోరు జారడానికి వెనకాడని మంగ, పిల్లని గుండెకి కరుచుకుని పేరంటాలు వైపు చూసి తల దించుకుంది. తిట్టినా బాగుండేది.

పేరంటాలు నూకాలు దగ్గరికి వెళ్ళింది. నూకాలు గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది.

"అక్కా, ఆ సందు మూసేత్తే నేను బతకలేను. మూయకపోతే ఆ పిల్ల బతకదు. నువ్వెట్టా ఉన్నావే ఇన్నేళ్ళూ, సముద్రం వంక సూడకుండా?" అంది.

నూకాలు వల పక్కన పెట్టింది.

"సెట్లు కొట్టేత్తే నాకేం కనపడుద్దే? ఉత్త నీళ్ళు. ఆయన రాలేదని రోజూ పొద్దున్నే నా మొకం మీద సెప్పేత్తాయి ఆ నీళ్ళు. సెట్లుంటే అట్టా కాదు. ఆటి ఎనకాల ఉన్నాడేమో, మలుపు దాకా వచ్చాడేమో అనుకోవచ్చు. పదహారేళ్ళ నుంచీ మా ఆయన ఆ సెట్ల ఎనకాలే వత్తన్నాడు."

పేరంటాలు లేచింది. నూకాలు ఇంటి ముందు చెట్ల కింద మొలకలు ఏరుకుంది. ఒడి నిండా ఏరుకుని, పాటు వేళకి తన వాకిలి ఎదరకి వెళ్ళింది. బురదలోకి దిగి, ఒకసారి తల ఎత్తి సముద్రాన్ని చూసింది. నీళ్ళే. అప్పుడు వంగి ఒక్కొక్కటే నాటింది. ఆఖరి మొలక నాటి, దాని చుట్టూ బురద నొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చింది.

అంతేనా అంటావా? అంతే. సింహాద్రి వచ్చాడా అని అడుగుతావు, నాకు తెలుసు.

ఆ సందులో చెట్లు ఇప్పుడు ఇంటి కప్పుకంటే ఎత్తు పెరిగాయి. వాటి వెనకాల ఏముందో ఊళ్ళోంచి ఎవరికీ కనపడదు. పేరంటాలు నాకంటే ముసలిదైపోయింది. చూపు ఆనదు, చెవి మాత్రం పాముచెవి. గాలి లేనప్పుడు ఆ చెట్లలో ఎక్కడైనా ఆకు కదిలిందనుకో, చేతిలో పని ఆపి, అటు తిరిగి, "ఎవరదీ?" అంటుంది. రాలేదని నేనెందుకు చెప్పాలి? ఆవిడే ఇంకా అనలేదు.

కథ కంచి దారి పట్టింది,
మన అడుగు ఇంటి దారి పట్టింది,
పొన్న వేరు మన్నుని పట్టింది,
నా చిట్టితల్లికి నిద్ర పట్టింది.